అక్క లోపల ఉన్నంతసేపు

స్కాన్ గది తలుపు మూసుకుంది, తలుపు పైన ఎర్ర దీపం వెలిగింది, ఇక అది ఆరేదాకా అక్క లోపల, నేను బయట. వెళ్తూ వెళ్తూ కళ్ళజోడు, చెవిదిద్దులు, జడపిన్నులు, నడుముకు ఎప్పుడూ వేలాడే చిన్న కత్తెర, అన్నీ ఒక్కొక్కటే తీసి నా ఒళ్ళో పోసింది. "లెక్కపెట్టి ఇస్తున్నానే, ఒక్క పిన్ను తగ్గినా ఊరుకోను" అంది. లెక్కపెట్టలేదు, ఊరికే అంటుంది, అక్క మాటల్లో సగం అలా ఊరికే అనేవే. దిద్దులు ఇంకా వెచ్చగా ఉన్నాయి. అక్క అంటే నా తోడబుట్టింది కాదు, మా ఆయన అన్నగారి భార్య, నా తోటికోడలు. కానీ నేను ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజే "తోటికోడలూ లేదు గీటికోడలూ లేదు, అక్కా అని పిలువు, వేరేలా పిలిస్తే పలకను" అని తేల్చేసింది, అప్పట్నుంచీ అదే. ఈ నడవా చల్లగా ఉంది, మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆసుపత్రి మొత్తం ఓ కునుకు తీస్తున్నట్టుంది, ఎక్కడో చక్రాల బల్ల ఒకటి కీచుమంటూ వెళ్ళి ఆగిపోయింది. ఎదురుగా కిటికీలకు లేత నీలం పరదాలు, అవి మేం కుట్టినవే, ఆ చివరవి అక్క చేతివి, ఈ పక్కవి నావి, ఇంకెవరికీ తెలియదు గానీ నాకు తెలుసు, అక్క కుచ్చు బిగుతు, నాది కొంచెం వదులు, "నీ కుచ్చులు కూడా నీలాగే నిద్రపోతున్నాయే" అనేది. గాలికి నా పరదాలు ఊగుతున్నాయి, అక్కవి అంతగా ఊగడం లేదు, వాటినే చూస్తూంటే నా కళ్ళు మూతలు పడుతున్నాయి.

పడకూడదు. ఆ దీపం ఆరేలోపు నేనొకటి తేల్చుకోవాలి. లోపల యంత్రం అక్క ఛాతీని చూస్తోంది, అందులో ఏం కనపడబోతోందో నాకు ముందే తెలుసు, డాక్టరుకూ తెలుసు, తెలియనిది అక్క ఒక్కదానికే. గడ్డ నాకు లేదు. ఎప్పుడూ లేదు. ఎండలు ముదరకముందు డాక్టరు నాకుందని చెప్పిన గడ్డ అక్కది, అక్కకు అద్దంలా ఉన్నాయని చెప్పిన ఊపిరితిత్తులు నావి. మా ఇద్దరి ఫలితాలూ తారుమారు చేసి చెప్పాడాయన. ఎండలు పోయాయి, వానలు పోయాయి, ఇప్పుడు చలి మొదలైంది. ఇంకాసేపట్లో ఆయన వచ్చి అక్కతో "ఇది ఈమధ్యే వచ్చినట్టుందమ్మా" అంటాడు, అలా అనబోతున్నానని నాకు పొద్దున్నే చెప్పి ఉంచాడు. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. నా మౌనాన్ని ఆయన ఊ కింద జమకట్టుకున్నాడు. ఇప్పుడు నేను నోరు విప్పాలా, మూసుకుని ఇంటికి పోవాలా, అదీ సంగతి.

ఆయన చెడ్డవాడా అంటే కాదు, అక్కడే కష్టం. చెడ్డవాడైతే ఈపాటికి ఆయన గది ముందు నిలబడి నలుగురికీ వినపడేలా అరిచేదాన్ని, అనుకుంటాను గానీ అరిచేదాన్నా, నాకు అరవడం ఎప్పుడొచ్చు, ఇంట్లో అరిచే పనులన్నీ అక్కవి, మా ఆయన ఆవిడకు మైకు అని పేరు కూడా పెట్టాడు. ఈయన్ని మేం నవ్వుల డాక్టరు అంటాం. ఆసుపత్రి పరదాల గుడ్డ ఎంచడానికి స్వయంగా మా కుట్టు కొట్టుకు వచ్చాడు, తెల్లటిది చూపించమన్నాడు, అక్క "తెలుపు వద్దండీ, మంచం మీద పడుకుని అదే పనిగా అటు చూస్తే గుబులేస్తుంది, నీలం వేయించండి" అంది, ఆయన పకపకా నవ్వి సరేనన్నాడు. కత్తిరింపు బల్ల చుట్టూ ఎండలో తేలుతున్న నూలు ధూళి చూసి, ఇదంతా మీరు పీలుస్తున్నారు, ఇద్దరూ ఓ రోజు రండి, నేను చూస్తాను అన్నాడు. మంచితనంతోనే అన్నాడు. నాకు ఆ ధూళి ఇష్టం, నీలం గుడ్డ కత్తిరించిన రోజు నీలంగా, పసుపుది కత్తిరించిన రోజు పసుపుగా తేలుతూ ఉంటుంది, సాయంత్రానికి అక్క కనుబొమ్మల మీద వాలుతుంది, రోజుకో రంగు ముసలమ్మలా కనపడేది ఆవిడ. నేను నవ్వితే అద్దం తెచ్చి నా మొహం నాకు చూపించేది.

ఆ మొదటి స్కాన్ రోజూ ఇదే బెంచీ. చీటీలో నా పేరు ముందు, అక్కది తర్వాత. నన్ను పిలిచారు. తలుపు సందులోంచి యంత్రం కనపడింది, నేను బెంచీ వదల్లేదు. "జరగవే, నేను ముందెళ్ళి అందులో ఏ దెయ్యముందో చూసొస్తా" అని అక్క లేచింది. ఎప్పుడూ అంతే, పళ్ళ డాక్టరు కుర్చీ ఆవిడే ముందెక్కింది, కొత్త ఊరి ఏట్లోకి ఆవిడే ముందు దిగి "రావే, మోకాళ్ళ లోతే" అని పిలిచింది, కొత్త కుట్టుమిషను వస్తే సూది ఎక్కడ గుచ్చుకుంటుందో ఆవిడ వేలే ముందు కనిపెట్టింది. బయటికొచ్చి "ఏం లేదే, ఊపిరి బిగబట్టమంటాడు, వదలమంటాడు, మీ బావగారితో కాపురంలో నేను రోజూ చేసే పనే" అంది. నేను నవ్వుకుంటూ లోపలికెళ్ళాను. స్కాన్ తీసే మనిషి పేర్లడిగి ఎవరి ఫిల్ము మీద వాళ్ళ పేరే వేశాడు, అక్కడ తప్పేమీ జరగలేదు. డాక్టరు చేతిలో మాత్రం చీటీ ఉంది, చీటీలో నేను ముందు, కాబట్టి ముందు తీసి పైన పెట్టిన ఫిల్ము నాదనుకున్నాడు, కిందది అక్కదనుకున్నాడు. మూలనున్న పేరు చదవలేదు. "వరస చూసుకున్నానమ్మా, పేరు చూసుకోలేదు" అన్నాడు పొద్దున, కూరలో ఉప్పు మర్చిపోయిన మనిషిలా మొహం పెట్టి. అక్క నాకు ధైర్యం చెప్పడానికి ముందెళ్ళింది, ఆ ముందెళ్ళడమే ఆవిడ కొంప ముంచింది, కాదు కాదు, అలా అనుకోకూడదు, కొంప ముంచింది పేరు చదవనివాడు. ఇది పొద్దున్నుంచీ నాకు నేనే చెప్పుకుంటున్నాను, మళ్ళీ మళ్ళీ మర్చిపోతున్నాను.

ఫలితాలు చెప్పిన రోజు ఆయన నవ్వలేదు, ఆయన మొహంలో నవ్వు లేకపోతే వేరే ఇంటికి వచ్చినట్టు అనిపించింది. వేలు నా వైపు చూపిస్తూ మాట్లాడింది అక్కతో, అందరూ అక్కతోనే మాట్లాడతారు, నేను పక్కన సంచీలా కూర్చుంటాను. "చెల్లెలుగారికి ఎడమవైపు చిన్న గడ్డ కనిపిస్తోంది. మందులతో ఆగుతుందేమో చూద్దాం, కొన్నాళ్ళు పని మానిపించండి, చలికాలంలో మళ్ళీ చూసి అప్పుడు కోత సంగతి ఆలోచిద్దాం. మీకేం ఫర్వాలేదు, అద్దంలా ఉన్నాయి." అక్క ఆ అద్దం మాట విననే లేదు. ఏదీ, ఆ ఫిల్ము నాకు చూపించండి అంది. చూస్తే మీకేం అర్థమవుతుందమ్మా అన్నాడు. పోనీ ఇవ్వండి, ఇంకొకరికి చూపించుకుంటాం అంది. అప్పుడు నవ్వాడు, "నా మీద నమ్మకం లేదా మీకు?" అన్నాడు, అంతే, మా మైకు ఠక్కున ఆగిపోయింది. అంత మంచివాణ్ణి నమ్మకం లేదని మొహాన అనడం ఎలా. ఉత్త చేతులతో ఇంటికొచ్చాం. ఆ ఫిల్ము ఆ రోజే మా చేతిలో పడి ఉంటే, దుకాణం బోర్డుల్లో తప్పులు పట్టుకుని మరీ లోపలికెళ్ళి చెప్పొచ్చే మనిషి అక్క, మూలనున్న తన పేరు చదవకపోయేదా. ఆయన అడిగింది నమ్మకం గురించి, మేం అడిగింది మా వస్తువు, ఆ తేడా అప్పుడు మాకు తోచలేదు.

అద్దంలా. అద్దం మీద ఎండ పడితే గోడ మీద ఒక వెలుగు ముక్క కదులుతుంది, కిటికీ గదిలో పడుకుని నేను దాన్నే చూసేదాన్ని, పొద్దున పైకప్పు దగ్గర ఉండేది, నా పాదాల మీదుగా దిగి, సాయంత్రానికి తలుపు వెనక్కి వెళ్ళిపోయేది. కిటికీ గది అక్కావాళ్ళది. నాకు గాలి కావాలని ఆవిడ ఆ గది ఇచ్చేసి, తాను కొట్టు గదిలో కత్తిరింపు బల్ల కింద చాప పరుచుకుంది, బావగారు ముందు గదిలో సోఫా మీద కాళ్ళు బయటికి చాపుకుని. చచ్చిపోయేవాళ్ళకు ఇంట్లో మంచి మంచం ఇస్తారని నాకు అప్పుడే తెలిసింది. ఎంత హాయిగా ఉండేదో, చెప్పుకుంటే సిగ్గు. మాత్రలకు కడుపులో తిప్పేది, జుట్టు చేతికి వచ్చేది, అయినా హాయిగా ఉండేది. మా ఆయన పనినుంచి వచ్చి మాట్లాడకుండా నా పాదాలు ఒళ్ళో పెట్టుకునేవాడు. అక్క పళ్ళెం తెచ్చి "తింటావా, ముక్కు మూసి పొయ్యమంటావా" అనేది. ఇక పక్క గదిలోంచి కుట్టుమిషను, అక్క పాదం కింద ఆ చప్పుడు నడుస్తూ నడుస్తూ ఆగేది, ఓ దగ్గు, మళ్ళీ నడిచేది. ఓ దగ్గు, మళ్ళీ కుట్టు. నేను కళ్ళు మూసుకుని వినేదాన్ని, అక్క ఉంది, అక్క పక్కనే ఉంది అనుకుని నిద్రలోకి జారేదాన్ని. ఆ దగ్గు నాకు జోలపాటలా ఉండేది, దేవుడా, ఆ దగ్గు విని నేను నిద్రపోయేదాన్ని. ఓసారి మా ఆయన "వదినా, నువ్వు కూడా ఓసారి చూపించుకోరాదూ" అంటే, "నాకేంటయ్యా, అద్దం, డాక్టరే చెప్పాడు, ఇది ధూళి దగ్గు" అని గుండెల మీద చేత్తో తట్టుకుని చూపించింది. అదంతా నిజమనుకుని మేం కూడా నవ్వాం.

ఇన్నాళ్ళూ అక్క కుట్టింది నాటకశాల తెర. ఎర్ర మఖమలు, ఒక్కో గుడ్డ తాను ఎత్తాలంటే ఇద్దరు మగవాళ్ళు కావాలి, నేను మంచం మీద ఉన్నాను కాబట్టి ఒక్కతే ఈడ్చింది. అంత పొడుగు అంచు మేమెప్పుడూ చెరో చివరనుంచీ మొదలుపెట్టి కుట్టుకుంటూ వచ్చి మధ్యలో కలుస్తాం, కలిసినచోట అక్క దారం ముడేసి పళ్ళతో తెంపుతుంది. ఈ తెర మాత్రం ఈ చివరనుంచి ఆ చివరదాకా ఆవిడే. నాకు కళ్ళు మూతపడ్డాయి కాబోలు, ఆ ఎర్ర గుడ్డ నడవా నిండా పరుచుకుంది, నేను ఈ చివర కూర్చుని కుడుతున్నాను, సూది వేసినచోట కుట్టు కూడా కనపడటం లేదు, అక్క ఆ చివర ఉండాలి, ఆ చివర ఎక్కడో తలుపు అవతల ఉంది, గుడ్డ ఆవిడ లాగుతున్నట్టు మెల్లగా కదులుతోంది, అక్కా అని పిలుస్తున్నాను, పిలుపు కూడా గుడ్డలోకే ఇంకిపోతోంది, అటునుంచి దగ్గు మాత్రం వినిపిస్తోంది, వస్తున్నావా అక్కా అంటున్నాను, కుడుతూనే ఉన్నాను, గుడ్డ తరగడం లేదు. చేతిలో కత్తెర చల్లగా తగిలి మెలకువ వచ్చింది. దీపం ఇంకా ఎర్రగానే ఉంది.

డాక్టరు చెప్పిన చలికాలం స్కానుకు పొద్దున నేనొక్కదాన్నే వచ్చాను, అక్క కొట్టులో తెర చివరి రింగులు వేస్తోంది. స్కాన్లు చదివే డాక్టరమ్మ కొత్తగా చేరిందట, సన్నగా, నిద్రలేని కళ్ళతో ఉంది. నా కొత్త ఫిల్ము చూసింది, అల్మరాలోంచి పాత కవరు తీసి అందులోది చూసింది, అటు మార్చి ఇటు మార్చి చూసింది. "ఏ గడ్డండీ? పోయినసారి కూడా మీకేం లేదే" అంది. ఆ మాట చెవిన పడగానే నా ఒంట్లో ఏదో లేచి గంతేసింది, బతుకుతాను, బతుకుతాను, చలి పోయి మళ్ళీ ఎండ వస్తుంది, నేను చూస్తాను, జుట్టు మళ్ళీ వస్తుంది, ఆ సంతోషం ఎంతసేపు ఉందో తెలియదు, అప్పటికింకా అది ఎవరిని తొక్కుకుంటూ వచ్చిందో నాకు తెలియదు. కవరులో ఇంకో ఫిల్ము ఉంది, మా ఇద్దరివీ ఒకేచోట పెట్టారు. ఆవిడ దాన్ని వెలుతురుకు ఎత్తింది, ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. "ఈవిడెవరు?" మా అక్క అన్నాను. "ఎక్కడ చూపించుకుంటున్నారు?" చూపించుకోవడం లేదండీ, ఆవిడకేం లేదు కదా అన్నాను, అంటూండగానే నా గొంతు నాకే వేరుగా వినిపించింది. ఆవిడ ఫిల్ము కిందపెట్టింది. నా మొహంలోకి చూసి, "ఇది ఆవిడకు ఇవాళే చెప్పాలండీ. ఇది ఆవిడ ఫిల్ము, అడిగితే ఇచ్చి తీరాలి. డాక్టరుగారు ఉన్నదున్నట్టు చెప్పకపోతే ఆవిణ్ణి తిన్నగా నా దగ్గరికి తీసుకురండి, నేను చెప్తాను" అంది. మెల్లగానే అంది, నవ్వుల డాక్టరు గది గోడకు అవతలే ఉంది మరి.

ఆ గదిలో ఆయన నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు, తలుపు తనే దగ్గరగా వేశాడు. ఆయన నవ్వబోయి మానుకున్నాడు, అది నేను చూశాను, నాకు జాలేసింది కూడా, నా జాలి కాలిపోను. "పొరపాటు నాదే, కాదనను. కానీ చెప్తే ఏమొస్తుందో మీరే ఆలోచించండి. పోయిన నెలలు తిరిగొస్తాయా? ఆవిడ మనసు విరుగుతుంది. ఇప్పుడే వచ్చిందంటే ధైర్యంగా వైద్యానికి దిగుతుంది, ధైర్యమే సగం మందు. ఇకమీదట ఆవిణ్ణి నా సొంత అక్కలా చూసుకుంటాను. మీకు మంచి వార్తే కదమ్మా, సంతోషించండి" అన్నాడు. అప్పటికెంత ఉంది, ఇప్పటికెంత అయింది అని అడగాలని నాలుక చివరదాకా వచ్చింది. అడగలేదు. అక్క ఉంటే అడిగేది, అక్క లేనిచోట అక్క గురించి నేను అడగాల్సి వచ్చింది, నాకు చేతకాలేదు. ఆవిడక్కూడా ఓసారి మళ్ళీ తీస్తామని చెప్పి రమ్మనండి అన్నాడు. ఫోన్ చేసి రమ్మన్నాను.

అక్కకు చేసేముందు మా ఆయనకు చేశాను. వాళ్ళ పనిచోట సుత్తి దెబ్బలు వినపడుతున్నాయి. "వదినకు నేను చెప్పలేను. నువ్వూ చెప్పకు" అన్నాడు. "ఆ డాక్టరుతో గొడవ పెట్టుకుంటే రేపు వదిన్ని ఎవరు చూస్తారు? ముందు వైద్యం కానీ, తర్వాత చూసుకుందాం" అన్నాడు, ఫోన్ పెట్టేశాడు. ఆయనకు మీసాలు రాకముందు నుంచీ అన్నం పెట్టింది వదినే. ఆయన తప్పు లేదు. ఎవరి తప్పూ లేదు, అందరం అక్క మంచికే చూస్తున్నాం, అందరం కలిసి అక్క మంచిని అక్కకు తెలియకుండా మా మధ్య పంచుకుంటున్నాం.

అక్క వచ్చింది. అబ్బ, ఆ రావడం. ఫోన్‌లో నాకేం లేదట అని మాత్రమే చెప్పాను, అదొక్కటే చెప్పగలిగాను, ఆ ఒక్క ముక్క పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. జుట్టు నిండా ఎర్ర మఖమలు నూగు, చెప్పులు రెండూ రెండు రకాలు. ఇదే నడవాలో అందరూ చూస్తూండగా నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది, "చెప్పానా, నా చేతి తిండికి గడ్డేమిటి, బండరాయి కూడా కరుగుతుంది" అంది, దగ్గింది, కళ్ళ నీళ్ళు తుడుచుకుంది, అటు పోతున్న నర్సును ఆపి "మా చెల్లెలికి తగ్గిపోయిందండీ" అని చెప్పింది. ఆ నర్సెవరో, మా గొడవ ఏమిటో ఆమెకేం తెలుసు, అయినా నవ్వి వెళ్ళింది. "నాకెందుకే మళ్ళీ తియ్యడం, పనీపాటా లేక" అంటూనే దిద్దులు తీసింది. నేను చెప్పొచ్చు కదా అప్పుడు. ఆవిడ మొహంలో ఆ వెలుగు చూశాక దిద్దుల కోసం ఒడి పట్టాను. ఇంకో సంగతి, దాన్ని కూడా అనేసుకుంటాను, నాకు భయం వేసింది. చెప్తే ఆ కిటికీ గది, ఆ పళ్ళెం, ఆ ముక్కు మూసి పొయ్యడం అన్నీ నావి కాకుండా పోతాయి, ఆవిడకు రావాల్సినవన్నీ నేను అనుభవించేశాను, అవి నేను తిరిగి ఇవ్వలేను. ఆవిడ మింగాల్సిన మాత్రలు కూడా నేనే మింగాను.

అయినా ఆ నెలలు నాకు ఉత్తినే పోయాయా అంటే పోలేదు. పోతానని తెలిశాక మా అమ్మకు ఫోన్ చేశాను, ఎప్పటిదో పాత కోపం, ఎందుకొచ్చిందో కూడా మర్చిపోయిన కోపం, ఏడ్చి కడుక్కున్నాం. సముద్రం చూడాలన్నాను, తీసుకెళ్ళారు, నీళ్ళలో కూర్చుని లేవనని మొండికేశాను. మా ఆయన్ని ఇన్నేళ్ళూ అడగాలనుకుని అడగనివన్నీ అడిగాను, ఆయన చెప్పాడు. కోత వద్దనే వీలుంది, కావాలనే వీలుంది, ఇంకొకరి దగ్గరికి పోయే వీలుంది, పోలేదు గానీ ఉంది. నాకు లేని జబ్బు తెలిసినందుకే నేను ఇన్ని చేసుకున్నాను. ఉన్న జబ్బు తెలియక అక్క తెర కుట్టింది. తెలిస్తే ఆవిడ ఏం చేసుకునేదో నాకు తెలియదు, ఏం చూడాలనేదో, ఎవరికి ఫోన్ చేసేదో, ఇన్నేళ్ళలో అక్కకు ఏం కావాలో నేను ఒక్కసారి కూడా అడగలేదు, ఆవిడే మా అందరికీ ఏం కావాలో చెప్పేది. ఇప్పుడు ఈమధ్యే వచ్చిందని చెప్తే, డాక్టరు ఏది మంచిదంటే దానికి తలూపుతుంది, నమ్మకం కదా, అంత మంచివాడు కదా. పరదాలు ఊగడం ఆగిపోయింది, ఎవరో కిటికీ మూసినట్టున్నారు. నాకు నిద్ర పూర్తిగా పోయింది.

దీపం ఆరింది. అక్క బయటికొచ్చింది, జుట్టు విరబోసుకుని, కళ్ళు చికిలించుకుంటూ. "ఇవ్వవే ఆ కళ్ళజోడు, నువ్వో, స్తంభమో తెలియడం లేదు." ఇచ్చాను. దిద్దు ఒకటి పెట్టుకుంటూండగా నడవా చివరనుంచి డాక్టరు వచ్చాడు, సగం నవ్వుతో, నా వైపు చూడకుండా.

"కూర్చోండమ్మా. కంగారేం లేదు. చెల్లెలుగారికి బాగుంది, సంతోషం. మీకు మాత్రం ఎడమవైపు చిన్న మచ్చలాంటిది కనిపిస్తోంది. పోయినసారి ఏమీ లేదు కదా, ఇది ఈమధ్యే..."

అక్క నా వైపు తిరిగింది. ఆ మాట తనకు తగిలిందో లేదో, ముందు నేనెలా ఉన్నానో చూసింది.

"పోయినసారీ ఉంది" అన్నాను.

ఎవరో అన్నట్టుంది. డాక్టరు "అమ్మా, లోపల కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఇక్కడే చెప్తాను. అక్కా, నాకు గడ్డ ఎప్పుడూ లేదు. అది నీది. ఆ రోజు నువ్వు నాకంటే ముందు వెళ్ళావు కదా, ఆయన పేర్లు చూడకుండా నీది నాదనీ నాది నీదనీ చెప్పాడు. అప్పట్నుంచీ ఉంది నీకు. ఈమధ్య వచ్చింది కాదు."

అక్క దిద్దు పట్టుకున్న చెయ్యి చెవి దగ్గరే ఉండిపోయింది. ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. "నీకు నిజంగా లేదా? ఎప్పుడూ?" అంది. లేదక్కా అన్నాను. "సరే, అదొకటి" అంది తనలో తాను, ఓ పక్కన పెట్టినట్టు. తర్వాత ఆయన వైపు తిరిగింది.

"ఆ ఫిల్ములు ఇవ్వండి. అప్పటిదీ ఇవాళ్టిదీ."

"అవి ఇక్కడుంటే భద్రంగా ఉంటాయమ్మా..."

"నా ఊపిరితిత్తులు నా ఒంట్లోనే ఉన్నాయి కదండీ, వాటి బొమ్మలు కూడా నా దగ్గరే ఉంటాయి. ఇంకోటి, అప్పుడెంత ఉంది, ఇప్పుడెంత అయింది, నాకేమని చెప్పారు, అంతా మీ చేత్తో రాసి సంతకం పెట్టివ్వండి. అది పట్టుకుని ఏ డాక్టరు దగ్గరికి పోవాలో, మీ మీద ఎవరి దగ్గరికి పోవాలో నేను చూసుకుంటా."

"మీరు నన్ను నమ్మడం లేదు" అన్నాడాయన, ఇంచుమించు ఏడుపు గొంతుతో.

"లేదండీ" అంది అక్క. గొంతు పెంచలేదు.

ఆయన ఫిల్ముల కోసం వెళ్ళాడు. గోడ అవతల ఆ డాక్టరమ్మ గది తలుపు తెరిచిన చప్పుడైంది. అక్క రెండో దిద్దు పెట్టుకోలేదు, గుప్పిట్లో పట్టుకుని నిలబడింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"పొద్దున."

"నేను రాకముందా?"

"ముందే."

"నిన్ను పట్టుకుని ఇక్కడ గంతులేశానే. అప్పుడు తెలుసా?"

"తెలుసక్కా."

"నన్ను లోపలికి పంపి ఇక్కడ కూర్చున్నప్పుడు?"

ఏదో చెప్పబోయాను, భయమనో, ప్రేమనో. రెండూ నిజమే, రెండూ ఆవిడకు అక్కర్లేదని మొహం చూస్తే తెలిసింది.

"ఆయన నా నెలలు తీసుకున్నాడు, నువ్వు ఒక పూట తీసుకున్నావు" అంది. "ఆ పూట కూడా నాదేనే, చిన్నదానా."

"నీదే అక్కా" అన్నాను.

ఆవిడ బెంచీ మీద కూర్చుంది, మా మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలి. ఫిల్ములు తెచ్చేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.